ఎవరి పేరు మీద ఉంది?

మన ఆడవాళ్ళను ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే మనలో సగం మంది చెప్పే జవాబు ఒకటే. "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను." వారానికి పదిహేను ఇరవై జాకెట్లు కుట్టే ఆమె అదే అంటుంది. వడియాలు, ఊరగాయలు పెట్టి నాలుగు వీధులకు పంపే ఆమె అదే అంటుంది. పొద్దున తాళం తీసినప్పటి నుంచి రాత్రి గల్లాపెట్టె లెక్క చూసేదాకా భర్త అంగట్లో కూర్చునే ఆమె కూడా అదే అంటుంది. మామూలు రోజుల్లో ఈ జవాబు వల్ల పోయేదేమీ కనిపించదు. ఆపద వచ్చి, ప్రభుత్వం "చిన్న వ్యాపారులకు సాయం చేస్తాం, పేర్లు చెప్పండి" అన్న రోజున మాత్రం ఆ జవాబుకు ఖరీదు ఉంటుంది. ఎంత ఖరీదో కరోనా కాలంలో మా తిరుపతిలో, నా చుట్టుపక్కల ఇళ్ళల్లో చూశాను.

ఇప్పుడెందుకు ఈ మాట అంటారా? వీధి వ్యాపారులకు అప్పులిచ్చే కేంద్ర పథకాన్ని 2030 మార్చి వరకు పొడిగించారని 2025 ఆగస్టులో వార్త వచ్చింది. అప్పటి నుంచి మా వీధిలో మళ్ళా ఆ కాగితాల మాటలే. "అక్కా, దానికి ఏమేం కావాలి?" అని నన్ను అడుగుతున్నారు. నేనేం ఆఫీసరును కాను. 2020లో నలుగురైదుగురి దరఖాస్తులు మా వరండాలోనే కూర్చుని నింపిపెట్టాను, అంతే. వాళ్ళకు చెబుతున్నదే మీకూ చెబుతాను.

ముందు మా ఊరి సంగతి. మామూలు రోజుల్లో కొండకు అరవై డెబ్బై వేల మంది వస్తారు. వాళ్ళు కొండమీద స్వామిని చూస్తారు. కింద మా ఊరు వాళ్ళ ముఖం చూసి బతుకుతుంది. బస్టాండు బయట ఇడ్లీ బండ్లు, విష్ణు నివాసం ఎదురుగా టీ అంగళ్ళు, గోవిందరాజస్వామి గుడి చుట్టూ దేవుడి పటాలు, గాజులు, కొయ్యబొమ్మలు, అలిపిరి దగ్గర కొబ్బరికాయలు, కర్పూరం, గుండు చేయించుకున్న పిల్లోళ్ళకు టోపీలు. వీటిలో ఎన్నో ఆడవాళ్ళ చేతిమీద నడిచేవే.

2020 మార్చి 20న దర్శనాలు ఆపేశారు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. జూన్ 8న టీటీడీ ఉద్యోగులతో, ఊరివాళ్ళతో దర్శనం మళ్ళా మొదలుపెట్టి, 11 నుంచి బయటివాళ్ళకూ ఇచ్చారు. కానీ రోజుకు ఆరేడు వేల మందికే. జూలైలో కేసులు పెరిగి ఊళ్ళో మళ్ళా ఆంక్షలు. సెప్టెంబరులో బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా, గుడి లోపలే జరిగాయి. ఆ తొమ్మిది రోజుల అమ్మకంతో ఆరు నెలల బాడుగ కట్టుకునే అంగళ్ళు ఎన్నో ఉన్నాయి మా ఊళ్ళో. ఆ ఏడు గాంధీ రోడ్డులో నడుస్తుంటే మన చెప్పుల చప్పుడు మనకే వినిపించేది.

మొదట వచ్చిన సాయం కడుపుకు వచ్చింది. రేషన్ బియ్యం, ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డుకు ఇచ్చిన వెయ్యి రూపాయలు, జన్ ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకు మూడు నెలలపాటు కేంద్రం వేసిన ఐదేసి వందలు. ఇవి పెద్దగా ఎవరినీ ఏమీ అడగలేదు. కార్డు ఉందా, ఖాతా ఉందా, అంతే.

తర్వాత వ్యాపారానికి సాయం వచ్చింది. అక్కడ మొదలైంది అసలు ప్రశ్న: నువ్వెవరు, ఏం పని చేస్తావు, చేస్తున్నావని రుజువేది?

2020 జూన్ 1న కేంద్రం పీఎం స్వనిధి ప్రకటించింది. వీధిలో అమ్ముకునేవాళ్ళకు పూచీకత్తు లేకుండా పదివేల అప్పు, ఏడాదిలో నెల నెలా తీర్చాలి. సక్రమంగా కడితే వడ్డీలో ఏడు శాతం ప్రభుత్వమే వెనక్కి వేస్తుంది. మొదటిది తీర్చితే ఇరవై వేలు, అదీ తీర్చితే యాభై వేలు. షరతు ఏమిటంటే, మార్చి 24కు ముందు నుంచే అమ్ముతూ ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం జూన్ 10న జగనన్న చేదోడు పేరుతో రజకులకూ, నాయీ బ్రాహ్మణులకూ, దర్జీలకూ పదివేలు ఇచ్చింది. అది అప్పు కాదు. నవంబరు 25న జగనన్న తోడు కింద తోపుడుబండ్ల వాళ్ళకూ, చిన్న చిన్న అంగళ్ళ వాళ్ళకూ వడ్డీ లేని పదివేల అప్పు ఇప్పించింది.

ఇంత చిట్టా ఎందుకు చెప్పానంటే, మా వీధిలో నాకు తెలిసిన నలుగురు ఆడవాళ్ళు ఈ నాలుగు మూలల్లో ఎక్కడో ఒకచోట నిలబడ్డారు.

మా గడపకు పదేళ్ళుగా పూలు ఇచ్చే పూలక్కతో మొదలుపెడతాను. కనకాంబరాలు, మల్లెలు తెచ్చి, వీధి మొదట్లో కానుగ చెట్టు కింద కూర్చుని కట్టి, మూర లెక్కన అమ్ముతుంది. లాక్‌డౌన్‌లో ఒకరోజు ఖాళీ గంపతో వచ్చింది. "గుడి లేదు, పెండ్లి లేదు, పేరంటం లేదు. ఇంగ పూలు ఎవురు కొంటారమ్మా?" అంది. పూల కష్టం ఏమిటంటే, బియ్యం అంగడిలాగా మూసేసి తాళం వేసుకునేది కాదు. అమ్మకపోతే సాయంత్రానికి చెత్త.

ఆమెకు అప్పటికే రోజు వడ్డీ అప్పు ఉంది. ఈ లెక్క తెలియని వాళ్ళకు చెబుతాను. పదివేలు అప్పు అని రాసుకుంటారు, చేతిలో పెట్టేది ఎనిమిదిన్నర వేలు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. అంటే మూడు నెలల చిల్లరకు పదిహేను వందలు. ఏడాదంతా అట్లా తిప్పుతూ పోతే వడ్డీయే ఐదు వేలు దాటుతుంది. ఎంతోమంది చిన్న వ్యాపారులు మొదటి నుంచీ ఈ లెక్కతోనే బతుకుతున్నారు. కరోనా దీన్ని తేలేదు, బయటపెట్టింది.

స్వనిధికి దరఖాస్తు పెడదామంటే పూలక్క దగ్గర మున్సిపాలిటీ ఇచ్చే వీధి వ్యాపారి గుర్తింపు కార్డు లేదు. సర్వే చేసిన రోజుల్లో ఆమె కూతురి కాన్పుకని ఊరికి పోయి ఉంది. చెట్టు కింద మనిషి లేదు కాబట్టి లిస్టులో పేరు లేదు. అయితే నిబంధనల్లో ఒక దారి ఉంది. సర్వేలో తప్పిపోయిన వాళ్ళకు స్థానికంగా విచారించి సిఫారసు లేఖ ఇవ్వవచ్చు. విచారణకు వచ్చినాయన వీధిలో నిలబడి "ఈమె ఎన్నాళ్ళుగా అమ్ముతోంది?" అని అడిగితే, మా గేట్ల దగ్గర నుంచి ఏడెనిమిది మంది ఆడవాళ్ళం ఒకేసారి జవాబు చెప్పాం. ఒకామె తన కూతురి పెళ్ళికి ఈమె దగ్గరే పూలు కట్టించానని, ఆ పెళ్ళి ఏ ఏడాది జరిగిందో కూడా చెప్పింది. ఆయన నవ్వి రాసుకున్నాడు. మన మాట ఒక కాగితమై, ఆ కాగితం బ్యాంకులో పనికొచ్చింది. ఆ రోజు మా అందరికీ ఏదో ఘనకార్యం చేసినంత సంతోషం.

అంతటితో అయిపోలేదు. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు ఆమె అల్లుడిది. ఆయన చెన్నైలో. ఓటీపీ అక్కడికి పోతుంది, ఆయనేమో పనిలో ఉండి ఎత్తడు. నంబరు మార్చుకోవడానికి ఆధార్ కేంద్రంలో వరుస. బ్యాంకు పేరు చెప్పను గానీ, అక్కడ "రేపు రామ్మా" అన్న మాట నాలుగుసార్లు విన్నాం. చివరకు డబ్బు ఖాతాలో పడింది. పన్నెండు శాతం వడ్డీ. ఏడాదికి వడ్డీ మొత్తం ఆరు వందల అరవై, అందులో నాలుగు వందలకు దగ్గరగా వెనక్కి వచ్చింది. రోజు వడ్డీ ఐదు వేల పక్కన పెట్టి చూడండి. పూలక్క ముందు రోజు వడ్డీ బాకీ తీర్చేసింది. మిగిలిన దాంట్లో పూలు వాడకుండా పెట్టుకోవడానికి థర్మోకోల్ పెట్టె, కొన్ని కొబ్బరికాయలు, తమలపాకులు. పూలు అమ్మని రోజు కొబ్బరికాయ అమ్ముతుంది, అదీ ఆమె ఆలోచన. ఇరవై వేలు కూడా తీసుకుని తీర్చింది. యాభై వేలు ఇస్తామంటే మాత్రం వద్దంది. "అంత దుడ్డు నా గంపకెందుకమ్మా, గంప కింద నేను పడిపోతా" అంది.

అందరి కథా ఇట్లా నడవలేదు. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టే అక్క మా వెనక వీధిలోనే ఉంటుంది. తోడు పథకంలో ఆమెకు పదివేలు వచ్చాయి. వచ్చిన రోజునే ఐదు వేలు ఇంటి బాడుగ పాత బాకీకి పోయింది. బడి ఫోన్లో జరుగుతోందని తొమ్మిదో తరగతి పిల్లోడికి మూడున్నర వేలు పెట్టి పాత ఫోను కొన్నది. బండికి మిగిలింది పదిహేను వందలు. ఆమె భర్త ఆటో తోలుతాడు, కానీ ఆటో ఇంకొకాయనది. సొంత ఆటో ఉన్న డ్రైవర్లకు ఇచ్చిన వాహనమిత్ర పదివేలు వాళ్ళకు రాలేదు. యాత్రికులు లేని ఊళ్ళో బండి మీద ఇడ్లీ ఎంత అమ్ముతుంది? మూడు కంతులు కట్టి ఆగిపోయింది. బ్యాంకు నుంచి ఫోన్లు. పాత బాకీ తీరితే గానీ కొత్త అప్పు లేదు. చివరకు చెవి కమ్మలు కుదువ పెట్టి కట్టింది.

"సాయం అంటారు, మళ్ళా కంతులు కట్టమంటారు. ఇదేం సాయమక్కా?" అని నన్ను అడిగింది. ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. డబ్బు తప్పుదారిలో పోలేదు కదా. బాడుగ కట్టకపోతే ఇల్లు లేదు, ఫోను లేకపోతే పిల్లోడికి చదువు లేదు. వ్యాపారానికి అని వచ్చిన అప్పును ఇల్లు తినేసింది. ఇల్లూ వ్యాపారమూ ఒకే పర్సులో నడిపే ఆడమనిషికి వేరే ఎట్లా జరుగుతుంది? అమెరికాలో ఉండే మా పిన్ని కూతురు ఒక మాట చెప్పింది. అక్కడ 2020 ఏప్రిల్‌లో పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రాం అని చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చారట. ఆ డబ్బును ఎక్కువగా పనివాళ్ళ జీతాలకు వాడితే అప్పు మాఫీ. వినడానికి ఎంతో బాగుంది. అయితే అక్కడ కూడా మొదటి విడతలో ముందుగా దొరికింది బ్యాంకుతో అప్పటికే సంబంధం ఉన్నవాళ్ళకేనట. దేశం ఏదైనా, ఆపదలో తలుపు ముందు తెరుచుకునేది పేరు తెలిసినవాళ్ళకే.

మూడో ఆమె మా పక్కింటి కుట్టు మిషన్ అమ్మాయి. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ జాకెట్లు, పిల్లల గౌన్లు కుడుతుంది. చేదోడు కోసం వాలంటీరు ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఈమె తలుపు తీసి "మా ఇంట్లో దర్జీలెవరూ లేరు, మా ఆయన కంపెనీకి పోతాడు, నేను ఇంట్లోనే ఉంటా" అని చెప్పి పంపేసింది. అబద్ధం చెప్పాలని కాదు. దర్జీ అంటే బయట అంగడి పెట్టుకుని, మెడలో టేపు వేసుకుని కూర్చునే మగమనిషి అని ఆమె మనసులో ఉంది. వాలంటీరు వెళ్ళిపోయాక మిషను మీద కూర్చుని మిగిలిన జాకెట్టు చేతులు కుట్టింది! ఆ పదివేలు తప్పిపోయాయి. అదే అమ్మాయికి ఏప్రిల్‌లో మాస్కులు కుట్టే పని దొరికింది. ప్రతి మనిషికీ మూడు మాస్కులు ఇవ్వాలని ప్రభుత్వం అనుకుని, కుట్టే పనిని పొదుపు సంఘాల ఆడవాళ్ళకు ఇచ్చింది. సంఘం పుస్తకంలో ఈమె పేరు ఎదురుగా "కుట్టు" అని రాసి ఉంది. ఎవరో సంఘం లీడరు ఎప్పుడో రాసిన ఆ ఒక్క మాట పనిచేసింది. పని ఒకటే, మనిషి ఒకటే. రాసి ఉన్నచోట అందింది, లేనిచోట జారిపోయింది.

ఇది ఒక్క మా వీధి సంగతీ కాదు. మా అమ్మగారి వైపు చుట్టాలు పుత్తూరు, నగరి దిక్కున ఉన్నారు. అక్కడ ఇంటింటా కరెంటు మగ్గాల చప్పుడే. ఆ జూన్‌లో నేతన్న నేస్తం కింద ఇరవై నాలుగు వేలు చేనేత మగ్గం ఉన్నవాళ్ళకు వచ్చింది. మరమగ్గం మీద నేసేవాళ్ళకు వర్తించదు. అందరి పనీ ఆగింది, అందరి కడుపూ కాలింది. కాగితం మీద మగ్గానికి మగ్గానికీ తేడా ఉంది.

నాలుగో ఆమె మా ఆడపడుచు. ఈమె గురించి రాయడానికి చాలాసార్లు అనుకుని ఆగిపోయాను. అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను.

గోవిందరాజస్వామి గుడి దగ్గర వాళ్ళకు దేవుడి పటాలు, బొమ్మల అంగడి. అంగడి నడిపేది వదిన. సరుకు ఎక్కడ తక్కువకు దొరుకుతుందో, ఏ పటం ఏ భాషవాళ్ళు కొంటారో, తమిళంలో బేరం ఎట్లా చెయ్యాలో, హిందీలో ఎట్లా చెయ్యాలో అన్నీ ఆమెకే తెలుసు. అన్నయ్య బయట పనులు, బ్యాంకు పనులు చూసేవాడు. ట్రేడ్ లైసెన్సు, కరెంట్ అకౌంటు, మూడు లక్షల వ్యాపార అప్పు, అంగడి బాడుగ ఒప్పందం, అన్నీ అన్నయ్య పేరు మీదే. ఎవరూ ఎవరినీ మోసం చేసి అట్లా పెట్టుకోలేదు. సంతకాలు పెట్టడానికి పోయింది ఆయన కాబట్టి ఆయన పేరు, అంతే.

2020లో రిజర్వ్ బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా కంతులు వాయిదా వేసుకోవచ్చని చెప్పింది. వేసుకున్నారు. వడ్డీ మాత్రం ఆగదు, అది అసలుకు చేరుతూ పోయింది. వడ్డీ మీద వడ్డీని కేంద్రం భరించి వెనక్కి వేసింది. మా వాళ్ళకు వచ్చింది మూడు వందల చిల్లర. కేంద్రం ఇంకో పథకం పెట్టింది. 2020 ఫిబ్రవరి 29 నాటికి వ్యాపార అప్పు బాకీ ఉన్నవాళ్ళకు ఆ బాకీలో ఇరవై శాతం కొత్త అప్పు, పూచీ ప్రభుత్వానిది. మా వాళ్ళకు అరవై వేలు వచ్చింది. ఆ డబ్బుతోనే ఏడాదిపాటు అంగడి బాడుగ నడిచింది. పక్క అంగడి ఆయన ఎప్పుడూ ఎవరి దగ్గరా అప్పు చేయని మనిషి. ఆయనకు ఈ పథకం కింద ఏమీ రాలేదు. అప్పు ఉన్నవాడికే అప్పు పుట్టింది.

2021 మే నెలలో, రెండో విడతలో, అన్నయ్య పోయాడు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అంతకంటే రాయలేను.

కర్మలయ్యాక వదిన అంగడి తెరిచింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది అంది. అప్పుడు ఒక్కొక్కటీ బయటపడింది. కరెంట్ అకౌంటులో నలభై వేల చిల్లర ఉంది, కానీ తీయడానికి లేదు. నామినీ పేరు రాయించి ఉంటే మరణ ధ్రువపత్రం చూపించి తీసుకునే పని. రాయించలేదు. తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెమ్మన్నారు, పిల్లల సంతకాలు తెమ్మన్నారు. ట్రేడ్ లైసెన్సు చనిపోయిన మనిషి పేరు మీద ఉంది. అప్పు మాత్రం అంగడి మీద ఉంది, అది ఎవరినీ అడగకుండా వదిన నెత్తిన పడింది. కొత్త అప్పు అడగబోతే ఆ బ్యాంకులో ఒకాయన "మీకు వ్యాపారంలో అనుభవం ఉన్నట్టు ఏమైనా ఆధారం ఉందా?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. ఆయన ముందరున్న ఫారంలో ఆ గడి ఉంది మరి. వదిన బయటికొచ్చి, బ్యాంకు మెట్లమీద కూర్చుని, "పద్దెనిమిదేండ్లు కూర్చున్నా మే ఆ గల్లా ముందర" అని మాత్రం అంది. ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

కరోనాతో పోయినవాళ్ళ కుటుంబాలకు యాభై వేలు ఇవ్వాలని సుప్రీంకోర్టు అక్టోబరులో ఆమోదించింది. ఆసుపత్రి కాగితాలు, పరీక్ష రిపోర్టు జాగ్రత్తగా పెట్టాం కాబట్టి ఆ డబ్బు వచ్చింది. హోల్‌సేల్ ఆయనకు బాకీ ఉన్న సరుకు డబ్బు దాంతో తీర్చింది. భర్త పోయిన డబ్బుతో బొమ్మల బాకీ తీర్చాల్సి వచ్చిందని ఆమెకు ఇప్పటికీ బాధే. నవంబరులో మా ఊరిని ముంచిన వానలకు అంగట్లోకి నీళ్ళొచ్చి కింది అరల్లో పటాలు తడిసిపోయాయి. దానికి ఆమె పెద్దగా కదలలేదు. "అదన్నా ఆరబెట్టుకుంటే ఆరతాది" అంది.

ఆ ఏడాదంతా ఒక్కొక్క కాగితమూ తన పేరు మీదికి తెచ్చుకుంది. బాడుగ ఒప్పందం, లైసెన్సు, కొత్త కరెంట్ అకౌంటు, నామినీగా కూతురి పేరు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకుంది. అది 2020 జూలై నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు, ఆధార్‌తో ఆన్‌లైన్లో మనమే చేసుకోవచ్చు. అంగడి బోర్డు మీద "ప్రొ." అని ఉన్నచోట ఇప్పుడు ఆమె పేరు ఉంది.

ఇక నన్ను అడుగుతున్నవాళ్ళకు నేను చెబుతున్నవి. పథకాల పేర్లు మారుతుంటాయి. 2024లో ప్రభుత్వం మారింది, తోడు, చేదోడు అన్న పేర్లు పోయాయి. స్వనిధిలో మొదటి అప్పు ఇప్పుడు పదిహేను వేలు, రెండోది ఇరవై ఐదు వేలు అయింది. పేర్లూ అంకెలూ ఎట్లా మారినా అడిగే కాగితాలు మాత్రం దాదాపు అవే. అందుకని పథకం వచ్చాక కాగితం వెతకకుండా, కాగితం ముందే పెట్టుకోవాలి.

మీ ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు మీ చేతిలో ఉన్న ఫోనుదేనా అన్నది మొదట చూసుకోండి. కొడుకుది, అల్లుడిది అయితే మార్చుకోండి. మీ ఒక్కరి పేరు మీద ఒక బ్యాంకు ఖాతా ఉండాలి, మీ వ్యాపారం డబ్బు, అది రోజుకు రెండు వందలైనా సరే, అందులో పడాలి. ఇంటి పర్సు వేరు, పని పర్సు వేరు అన్నది చెప్పినంత తేలిక కాదు, ఇడ్లీ బండి అక్కను చూశాక ఆ మాట గట్టిగా అనలేను. కానీ ఖాతాలో పడిన డబ్బు రేపు "అనుభవం ఉందా" అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది.

వీధిలో అమ్మేవాళ్ళు మున్సిపాలిటీ గుర్తింపు కార్డు ఎట్లాగైనా తీసుకోండి. 2014 వీధి వ్యాపారుల చట్టంలో మనకు పనికొచ్చే ఒక సంగతి ఉంది. కార్డు ఉన్న మనిషి చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేకపోయినా, ఆ చోటులో అమ్ముకునే హక్కు ముందుగా భార్యకో భర్తకో, తర్వాత మీద ఆధారపడిన బిడ్డకో వస్తుంది. కార్డే లేకపోతే ఆ హక్కును దేని మీద అడుగుతాం?

ఇంట్లో కుట్టుపని, వంటపని, పచ్చళ్ళు చేసేవాళ్ళకు ఉద్యమ్ ఉంది. పాన్, జీఎస్‌టీ లేని మరీ చిన్న వాళ్ళ కోసం 2023 జనవరి నుంచి ఉద్యమ్ అసిస్ట్ అని వేరే దారి కూడా పెట్టారు. పొదుపు సంఘంలో ఉంటే పుస్తకంలో మీ పేరు ఎదురుగా మీ పని ఏమని రాశారో ఒకసారి చదవండి. "గృహిణి" అని ఉంటే మీ పని కూడా పక్కన రాయించండి. గృహిణి అన్నది చిన్న మాటేమీ కాదు, కానీ అది ఒక్కటే రాసి ఉంటే మన రెండో పని లెక్కలోకి రాదు.

భర్త పేరు మీద ఉన్న అంగట్లో కూర్చునేవాళ్ళకు ఒక మాట. ఈ సంగతి ఇంట్లో మాట్లాడటం కష్టం. "నేను పోతానని ఇప్పుడే అనుకుంటున్నావా?" అంటారు మగవాళ్ళు. మా ఇంట్లోనూ అన్నారు. నేను వదిన పేరు చెప్పాను, ఇంకేం చెప్పలేదు. ఆ వారమే ఆయన తన ఖాతాలన్నిటికీ నామినీ రాయించి వచ్చారు. అందరి ఇళ్ళల్లో అంత తొందరగా కాకపోవచ్చు. మంచి రోజు చూసుకుని, అన్నం పెట్టాక, మెల్లగా మొదలుపెట్టండి. నామినీతో మొదలుపెడితే ఎవరికీ కోపం రాదు.

పూలక్క తన కాగితాలన్నీ పాత హార్లిక్స్ సీసా డబ్బాలో చుట్టి పెట్టుకుంటుంది. మొన్న కొత్త పథకం మాట చెబితే, డబ్బా మూత తీసి ఒక్కొక్కటే నా ముందర పరిచింది. ఆధార్, పాసు పుస్తకం, మున్సిపాలిటీ కార్డు, తీర్చేసిన రెండు అప్పుల రసీదులు. ఆమెకు చదువు రాదు. ఏ కాగితం ఏదో రంగును బట్టి, మడతను బట్టి గుర్తుపట్టి చెబుతుంది. చదువుకున్న మనం మన కాగితాలు ఎక్కడున్నాయో అంత గట్టిగా చెప్పగలమా అని నాకు అనుమానం. ఈ ఆదివారం బీరువా పై అరలో ఉన్న సంచి కిందికి దించండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్ళకూ తెలియాలి.